జ్వరం వేడిలో ఫ్లూ వైరస్

జ్వరం వస్తే దాన్నే జబ్బు అనుకుంటాం. నిజానికి అది జబ్బుకు శరీరం ఇచ్చే జవాబు. ఆ వేడి వైరస్‌ను ఎక్కడ అడ్డుకుంటుందో ఫ్లూ విషయంలో కొంత తెలిసింది.

మన కణం లోపల కేంద్రకం, దాని చుట్టూ కణద్రవ్యం ఉంటాయి. రెంటి మధ్య ఉన్న పొరలోని సన్నని రంధ్రాలే రాకపోకల దారి. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో చాలావరకు కణద్రవ్యంలోనే పెరుగుతాయి. ఫ్లూ వైరస్ మాత్రం కేంద్రకంలోకి చేరి, తన 8 ఆర్‌ఎన్‌ఏ ముక్కలకు నకళ్లు తీసుకుంటుంది. ఎన్‌పీ అనే ప్రోటీన్‌తో కలిసి ఉండే ఆ ముక్కలు తిరిగి బయటికి వస్తేనే కొత్త వైరస్ తయారవుతుంది. అలా రావాలంటే ఎం1 అనే మరో వైరస్ ప్రోటీన్ వాటికి అంటుకోవాలి.

వేడి తగిలిన కణం హెచ్‌ఎస్‌పీ70 అనే రక్షక ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. వేడికి ఆకారం చెడిన ప్రోటీన్లను సరిదిద్దడం దాని పని. జపాన్ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో కణాలను 41 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి పరిశీలించారు. ఎం1 అంటుకోలేదు, వైరస్ ముక్కలు కేంద్రకంలోనే చిక్కుకుపోయాయి. అడ్డుతగిలింది హెచ్‌ఎస్‌పీ70 అని 2004లో వెల్లడించారు.

అలాగని జ్వరాన్ని ముదరనివ్వకూడదు. 41 డిగ్రీలంటే సుమారు 106 ఫారన్‌హీట్. అది మనిషికి ప్రాణాపాయం. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, షుగర్, ఆస్తమా ఉన్నవారు ఫ్లూ లక్షణాలు కనిపించగానే డాక్టరును కలవాలి. వీరికి టీకా గురించి కూడా డాక్టరును అడగాలి.

శరీరం తన వంతు పోరాటం తాను చేస్తుంది. కూలికి పోకపోతే పూట గడవని ఇంట్లో దానికి కావలసిన విశ్రాంతి, మందు దొరకవు. అక్కడ ఆదుకోవలసింది మనమే.