దారపు సొమ్ములు

ఆభరణమనగానే మనకు బంగారం, వెండి, ముత్యాలు, పగడాలు గుర్తుకు వస్తాయి. ఇవేవీ లేకుండా కేవలం నూలుదారంతో అలంకారాలు సృష్టించే చోటు గోదావరి డెల్టాలో ఒకటి ఉన్నది. అది పశ్చిమ గోదావరి జిల్లాలో వశిష్ఠ గోదావరి ఒడ్డున గల నరసాపురం. దీనికి సమీపంలోని మాధవాయపాలెం పేరే ఒకప్పుడు ‘మడపోలం’ అనే నూలుబట్టకు పేరై ఐరోపా నిఘంటువుల కెక్కింది. బట్టల వ్యాపారం ఈ సీమకు కొత్త కాదు.

లేసు అల్లిక మాత్రం ఇక్కడ పుట్టిన విద్య కాదు. 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు దీనిని ఇక్కడి స్త్రీలకు నేర్పారని చెబుతారు. మొదట క్రైస్తవం స్వీకరించిన పేద కుటుంబాల స్త్రీలు నేర్చుకున్నారు. ఆడవారు గడప దాటి కూలికి వెళ్ళడం గౌరవం కాదనుకునే రైతు కుటుంబాలకు కూడా అది క్రమంగా వ్యాపించింది.

దీనికి కావలసిన పనిముట్టు, కొసన చిన్న కొక్కెం గల ఒకే ఒక సూది. ఎడమచేతి వేళ్ళకు దారం చుట్టి, కొక్కెంతో ఒక ఉచ్చులోనుంచి మరొక ఉచ్చును లాగుతారు. అలా సాగినది గొలుసు. దాని రెండు కొనలను కలిపి, చుట్టూ కుట్లు వేస్తూ పోతే పువ్వు. స్వెటరు అల్లేటప్పుడు ఒక వరుసలోని ఉచ్చులన్నీ సూదిమీదనే నిలిచి ఉంటాయి. ఇక్కడ అలా కాదు, ప్రతి కుట్టూ అక్కడికక్కడే ముగుస్తుంది. అందుచేతనే ఈ అల్లిక ఏ దిక్కుకైనా తిరుగుతుంది, ఏ ఆకారానికైనా ఒదుగుతుంది. యంత్రాలు లేసును పోలిన బట్టను వేగంగా తయారు చేస్తాయి గాని, ఈ క్రోషే కుట్టును ఉన్నదున్నట్లు వేసే యంత్రం ఇంతవరకు పరిశ్రమలోకి రాలేదు. చివరి ఉచ్చును ముడివేయక దారం లాగితే ఎంత పెద్ద పువ్వైనా క్షణంలో విడిపోతుంది!

జాకెట్టు అంచులు, గౌనుల మెడపట్టీలు, శాలువలు ఈ అల్లికతో తయారవుతాయి. గంజి పెట్టి ఆరవేస్తే దారపు పువ్వు బిరుసెక్కి, చెవికి లోలాకుగా కూడా అమరుతుంది.

ఒక వస్తువును సాధారణంగా ఒక్కరే పూర్తిచేయరు. పువ్వులు అల్లేవారు ఒకరు, వాటిని కలిపే అతుకుపని చేసేవారు మరొకరు. దారం తెచ్చి ఇచ్చేదీ, అల్లినది తీసుకుపోయేదీ మధ్యవర్తి. కూలి పని లెక్కన ఇస్తారు. ఆ లేసు ఏ దేశంలో, ఎంత ధరకు అమ్ముడుపోతుందో అల్లిన స్త్రీకి తెలియదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ స్త్రీలను గురించి 1982లో ఒక గ్రంథం ప్రకటించింది. ప్రపంచ విపణికోసం శ్రమించే వీరిని పనివారుగా కాక, తీరిక వేళలు గడుపుకొనే గృహిణులుగా లెక్కించడంవల్లనే అంత తక్కువ కూలి సాధ్యమైనదని ఆమె వాదన. ఇంటిపని ముగించుకొని, కళ్ళు చికిలించుకుంటూ గంటల తరబడి అల్లే పనికి తీరిక అని పేరు పెట్టడం విచిత్రమే.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. యంత్రపు లేసును ఈ ఊరిపేరుతో అమ్మకుండా అడ్డుకోవడానికి అది చట్టబద్ధమైన ఆధారం. దేశవిదేశాల చౌక లేసుతో పోటీపడే కళకు ఇది చిన్న విషయం కాదు. అయితే అల్లేవారి కూలిని ఆ గుర్తింపు నిర్ణయించదు. అది దారం ఇచ్చేవారికీ, అల్లేవారికీ మధ్య కుదరవలసిన బేరమే.