వెనక చక్రం టకటకమంటోందా? చైన్ సెట్ కొనేముందు ఇవి చూడండి

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు రోజూ బండి నడిపేవాళ్లకు వెనక చక్రం చప్పుడు కొత్త కాదు. వానాకాలం వాగు నీళ్లు, ఎండాకాలం ఇసుక, మణుగూరు దారిలో బొగ్గు దుమ్ము, ఆపైన వెనక సీటు మీద బస్తా. చప్పుడు వినగానే ‘చైన్ సెట్ పోయింది’ అనేస్తారు. ఈ దారుల్లో ముందు అనుమానించాల్సింది బేరింగులను, హబ్ రబ్బర్లను.

1. ఖాళీ రోడ్డు మీద నలభై వేగంలో క్లచ్ పట్టి బండిని దొర్లనివ్వండి. చప్పుడు ఆగిపోతే అది లాగుడు మీద పుట్టేది. చైన్, పళ్లచక్రాలు, రబ్బర్లు, ఒక్కోసారి ఇంజనే. ఆగకుండా చక్రంతోపాటు నెమ్మదిస్తే బేరింగో, బ్రేక్ డ్రమ్మో. బ్రేక్ తొక్కినప్పుడు మారితే డ్రమ్మే.

2. మిగతావన్నీ ఇంజన్ ఆపి, తాళం తీసి, డబుల్ స్టాండు వేసి చూడాల్సినవి. ఇంజన్ నడుస్తుండగా చైన్ దగ్గర వేలు పెట్టొద్దు.

3. బండిని న్యూట్రల్‌లో పెట్టి, కింది చైన్‌ను మధ్యలో పైకీ కిందికీ ఆడించండి. 100 సీసీ బళ్లలో చాలావాటికి 20–30 మి.మీ. ఆట ఉండాలి. మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. నిండు కవరు ఉన్న బండికి రబ్బరు మూత తీసి చూడొచ్చు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట బిగువు, ఇంకోచోట వదులు అయితే చైన్ సమంగా సాగలేదన్నమాట, ఎంత బిగించినా కుదరదు. అలాంటి బండి షెడ్డుకు వెళ్లేదాకా, బిగువుగా ఉన్న చోటే కొలత పెట్టండి.

4. టైరును పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి అటూ ఇటూ నెట్టండి. కదిలిందా? ఇప్పుడు ఇంకొకరిని స్వింగ్ ఆర్మ్ గట్టిగా పట్టుకోమనండి. అది నిలబడి చక్రం ఒక్కటే ఆడితే బేరింగులు, ఆర్మ్ కూడా ఆడితే దాని బుష్‌లు. హబ్ మునిగేంత నీళ్లలో దాటితే గ్రీజు కొట్టుకుపోయి, లోపల తుప్పు మొదలవుతుంది. చప్పుడు వెంటనే రాదు, కొన్ని వారాలకు వస్తుంది. అప్పటికి వాగు సంగతి ఎవరికి గుర్తు? 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో మునిగిన బండి స్టార్టయినా సరే, వెనక చక్రం విప్పించి బేరింగులు చూడాల్సిందే.

5. గేరులో పెట్టి చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదపండి. పెద్ద పళ్లచక్రం కదలకుండా చక్రం ‘టక్’మని కొట్టుకుంటే హబ్ రబ్బర్లు అరిగాయి. కాస్త మెత్తని ఆట మామూలే. పాత ట్యూబు ముక్కలు కుక్కి సర్దే అలవాటు మన దగ్గర ఉంది. ఇల్లు చేరడానికి పనికొస్తుంది, ఏడాదికి కాదు.

6. పెద్ద పళ్లచక్రం వెనక అంచున చైన్‌ను వెనక్కి లాగండి. సగం పన్ను బయటపడితే, లేదా పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే, చైన్, రెండు పళ్లచక్రాలు మూడూ కలిపే మార్చాలి. కొత్త చైన్‌ను పాత పళ్లు తినేస్తాయి.

7. చైన్ లాక్ మూసిన కొస చైన్ నడిచే దిక్కుకు ఉండాలి.

8. బస్తాలు మోసే బండికి చైన్ బిగించేయడం పెద్ద పొరపాటు. బరువుకు షాకబ్జార్లు దిగితే చాలా బళ్లలో చైన్ ఇంకా బిగుస్తుంది. గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది ఆ భారం.

9. బురదను కిరోసిన్‌తో కడిగి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ చైన్ లోపలి వైపు వేయండి. పెట్రోలు వద్దు.

10. చైన్ బిగించేటప్పుడు రెండు వైపులా గీతలు ఒకే లెక్కకు రావాలి, లేకపోతే చక్రం వంకరగా నడుస్తుంది. ఇరుసు నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ పెట్టండి. డ్రమ్ బ్రేకు బండైతే, చక్రం వెనక్కి జరిగింది కాబట్టి రాడ్డు బిగుసుకుంటుంది. చక్రం చేత్తో తిప్పి చూసి, పట్టేస్తుంటే రాడ్డు నట్టు వదులు చేసి బయల్దేరండి.