ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు?



ఉదయగిరి పక్కన ఒక పల్లెలో ఒక అత్తా, ఒక కోడలు ఉన్నారనుకుందాం. అత్తకు కిడ్నీలో రాయి. ఆపరేషన్ చేయాలన్నారు.

"కార్డు ఉంది గదత్తా. డబ్బు లేకుండానే చేస్తారంట. పోదాం పా" అంది కోడలు.

ఇద్దరూ కూలి పని మానుకున్నారు. తెల్లారుజామున బస్సెక్కి సుమారు నూరు కిలోమీటర్లు ప్రయాణం చేసి నెల్లూరు చేరారు. ఆస్పత్రి గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. కోడలు కూడబలుక్కుని చదివింది.

"ఏందమ్మా రాసుండేది?"

"వైద్య సేవలు ఆపేశారంటత్తా."

"మన కార్డు చెల్లదా?"

"కార్డు చెల్లుతుంది. సర్కారు నుంచి డబ్బు రాలేదంట."

ఇలా ఎందుకు జరుగుతుంది? తెలుసుకుందాం.

ఈ పథకం 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి. 2024 నుంచి మన రాష్ట్రంలో దీని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా పద్ధతి అదే. ఒక్కో చికిత్సకు సర్కారు ఒక ధర కడుతుంది. దానిని ప్యాకేజీ అంటారు. ఆస్పత్రి ముందు వైద్యం చేస్తుంది. తర్వాత కాగితాలు ట్రస్టుకు పంపుతుంది. ట్రస్టు వాటిని చూసి డబ్బు ఇస్తుంది.

మనం అంగట్లో సరుకులు పద్దు మీద తెస్తాం గదా! నెలల తరబడి బాకీ తీర్చకపోతే అంగడాయన సరుకు ఇవ్వడు. ఇదీ అట్లాంటిదే. కానీ ఒక తేడా ఉంది. ఇక్కడ బాకీ సర్కారుది. ఉత్త చేతులతో తిరిగొచ్చేది మనం.

ఆస్పత్రుల మాట కూడా విందాం. నర్సులకు నెల నెలా జీతాలివ్వాలి. మందులు కొనాలి. డబ్బు రాకపోతే చిన్న ఆస్పత్రులకు మరీ కష్టం. అందుకే అవి సంఘం పెట్టుకున్నాయి. 2024 మే నెలలోను, 2025 ఏప్రిల్‌లోను బాకీల కోసం ఆ సంఘం సేవలు ఆపింది. 2025 అక్టోబరు 10 నుంచి మళ్ళీ ఆపింది. 2,700 కోట్ల రూపాయలు రావాలని అప్పుడు చెప్పింది. చర్చలు జరిగాక ఆ నెలాఖరున సమ్మె విరమించింది.

ధర తక్కువైతే ఇంకొకటి జరగవచ్చు. గిట్టుబాటు కాని రోగం వస్తే "మంచాలు ఖాళీ లేవు" అనవచ్చు. పైడబ్బు అడగవచ్చు. గిట్టుబాటు అయ్యే ఆపరేషన్ అవసరం లేకున్నా చేయవచ్చు. గర్భసంచి ఆపరేషన్లు మన రాష్ట్రంలో మితిమీరాయని ఒకప్పుడు పెద్ద గొడవ అయింది. తర్వాత సర్కారు ఈ పథకం కింద ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆస్పత్రులకే కేటాయించింది. అందరు డాక్టర్లూ అట్లాంటివారు కారు. అయినా అడగడం మన హక్కు.

మనం ఏం చేయాలి?

1. బయలుదేరే ముందు 104కు ఫోన్ చేయండి. ఏ ఆస్పత్రిలో సేవ జరుగుతోందో అడగండి.
2. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.
3. ప్రైవేటు ఆస్పత్రులు ఆపితే నెల్లూరు ప్రభుత్వ పెద్దాస్పత్రికి పోండి.
4. ప్రాణం మీదికొస్తే ఆలస్యం చేయకండి. 108కి ఫోన్ చేయండి.
5. చదవకుండా సంతకం పెట్టకండి. ఖాళీ కాగితం మీద అసలే పెట్టకండి.
6. పైడబ్బు అడిగితే రసీదు అడగండి. 104కు ఫిర్యాదు చేయండి.

సర్కారుకు ఆఫీసులున్నాయి. ఆస్పత్రులకు సంఘం ఉంది. మరి రోగికి ఎవరున్నారు? మన పొదుపు సంఘం ఉంది. మన జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడిలో చదువుకుని సారా మీద పోరాడారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్ళూ మనలాంటి వాళ్ళే.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరిలో ఎవరైనా కార్డు ఉండి కూడా తిరిగొచ్చారా? ఎంత ఖర్చయింది?
2. ఆత్మకూరు, ఉదయగిరి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఏ వైద్యం దొరుకుతుంది? కనుక్కుని రాయండి.
3. "బాకీలు ఎప్పుడు తీరుస్తారు?" అని అడుగుతూ మీ సంఘం తరఫున ఒక అర్జీ రాయండి. అందరూ చదివి, సంతకాలు పెట్టండి.

కొత్త మాటలు: ప్యాకేజీ, ట్రస్టు, బాకీ, రసీదు, అర్జీ.