మూసీ పారాగడ్డి మడులలో మిడత: ఆహారం, ఆహారపు గొలుసులో స్థానం

హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురాకు ఉత్తరంగా మూసీ నది ప్రవహిస్తున్నది. అంబర్‌పేట, నాగోలు, పీర్జాదిగూడల మీదుగా దిగువకు సాగిన కొద్దీ మురుగునీటితో పెరిగే పారాగడ్డి మడులు నేటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. ఈ గడ్డిని ఏడాది పొడవునా కోసి నగరంలోని గేదెల పాకలకు అమ్ముతారు. మిడతలకూ ఇది ఆహారమే. ఆహారపు గొలుసులో గేదె, మిడత ఒకే మెట్టుపై నిలిచే ప్రాథమిక వినియోగదారులు. రైతు మిడతను పోటీదారుగా చూడడంలో వింత లేదు.

అయితే మిడతలన్నీ అన్ని మొక్కలనూ తింటాయనుకోవడం పొరపాటు. హైరోగ్లిఫస్ బానియన్, ఆక్సియా మిడతలు ప్రధానంగా వరి, చెరకు, గడ్డి జాతులను ఆశిస్తాయి. ఇసుక పదార్థం నిండిన గడ్డి ఆకులను కోసి నూరడానికి అనువుగా వాటి దవడలు ఉలి అంచు వలె, నూరుడు గట్లతో ఉంటాయి. వెడల్పాటి ఆకులు తినే జాతుల దవడలకు మొనదేలిన పళ్లుంటాయి. విద్యార్థులు చేతి భూతద్దంతోనే ఈ తేడాను గమనించవచ్చు.

ఖాళీ స్థలాలలో పెరిగే జిల్లేడుపై పసుపు, నీలి రంగుల జిల్లేడు మిడత జీవిస్తుంది. పట్టుకుంటే ద్రవం చిమ్ముతుంది. ఆ రంగులు భక్షకాలకు హెచ్చరిక. 2020 మే నెలలో ఎడారి మిడతల దండు విదర్భకు చేరినప్పుడు తెలంగాణ ప్రభుత్వం సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసింది. ఆ రోజులలోనే తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో జిల్లేడు మొక్కలపై గుంపుగా కనిపించిన స్థానిక మిడతలను చూసి ప్రజలు దండు వచ్చిందని భయపడ్డారు. ఏ మొక్కను తింటున్నదో ముందుగా చూడడం గుర్తింపులో తొలి మెట్టు.

గడ్డి మిడతకు శత్రువులు గుడ్డు దశ నుండే ఉన్నారు. గట్ల మట్టిలో పెట్టిన గుడ్ల సంచులను మైలాబ్రిస్ పెంకుపురుగు డింభకాలు తింటాయి. అదే పురుగు పెద్దదై కంది పూతను నాశనం చేస్తుంది. దానిని శత్రువనాలో మిత్రమనాలో ఋతువును బట్టి నిర్ణయించాలి! పిల్ల మిడతలను సాలీళ్లు, గొల్లభామలు, తొండలు, పెద్దవాటిని పాలపిట్టలు, గేదెల వెంట నడిచే కొంగలు పట్టి తింటాయి. తొండను డేగ తన్నుకుపోతుంది. ఒక మెట్టు నుండి పై మెట్టుకు చేరే శక్తి సుమారు 10 శాతమే గనుక, మిడతలు తగ్గితే పక్షుల సంఖ్యపై ఆ ప్రభావం త్వరగా కనబడుతుంది.

పారాగడ్డిపై పురుగుమందు చల్లరాదనడానికి అంతకన్నా దగ్గరి కారణం మరొకటి ఉన్నది. కోతలు నిరంతరం సాగే మడిలో మందు చల్లిన తరువాత వేచి ఉండవలసిన వ్యవధి పాటించడం ఆచరణలో కుదరదు. అవశేషాలు గేదె ద్వారా పాలలోకి చేరగలవు. బహువార్షిక గడ్డి గనుక మడిలో వేసవి దుక్కి సాధ్యం కాదు. గట్లను మాత్రం వేసవిలో పైపైన చెక్కితే గుడ్ల సంచులు బయటపడి ఎండకు మాడిపోతాయి, మిగిలినవి పక్షుల పాలవుతాయి. తొలకరి వానలకు గుడ్లు పొదగబడేలోగా ఈ పని ముగించాలి. పిల్ల మిడతలు ఎక్కువగా కనిపించిన మడిని ముందుగా కోసుకోవాలి.