చెడగొట్టి నేర్చుకునే కంప్యూటర్

పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజున మీ అన్నయ్యో అక్కయ్యో సెల్‌ఫోన్‌లో నంబరు కొట్టి మార్కులు చూసుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ మార్కులు ఫోనులో లేవు కదా, మరి ఎక్కడినుంచి వచ్చాయి? ఫోను ఒక ప్రశ్న పంపింది. ఎక్కడో ఉన్న మరొక కంప్యూటర్ దానిని అందుకొని జవాబు పంపింది. అట్లా అడిగినవారికి జవాబు చెప్పడమే పనిగా రాత్రింబవళ్ళు మేలుకొని ఉండే కంప్యూటర్‌ను సర్వర్ అంటారు.

2016 డిసెంబరులో మన రాజోలు ప్రాంతపు మోరి గ్రామంలో ఫైబర్‌నెట్ సేవలను ప్రారంభించారు. తీగ మన గుమ్మం దాకా వచ్చింది. తీగకు ఆ చివర ఉన్న యంత్రాన్ని నడిపే విద్య మాత్రం మనవాళ్ళు హైదరాబాదు పోయి, ఫీజు కట్టి నేర్చుకుంటున్నారు. దాని మొదటి పాఠాలకు అంత దూరం పోనక్కరలేదు. అటకమీద పడి ఉన్న పాత కంప్యూటర్ చాలు.

అయితే ఒక షరతు. అది ఎవరికీ అవసరం లేని కంప్యూటర్ అయి ఉండాలి. ఈ మాట అనుభవంమీద చెబుతున్నాను. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేస్తున్న బడిలో మార్కుల జాబితాలున్న కంప్యూటర్‌మీదే కొత్త పాఠం ప్రయోగించబోయాను. డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. రెండు రాత్రులు జవాబు పత్రాలు ముందేసుకొని త్రైమాసిక పరీక్ష మార్కులన్నీ మళ్ళీ ఎక్కించాను. తప్పు పూర్తిగా నాదే.

ఇటువంటి పొరపాటు గొప్పవారికీ తప్పలేదు. ఫిన్‌లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో, 21 ఏళ్ళ వయసులో, తన సొంత కంప్యూటర్‌మీద లైనక్స్ అనే వ్యవస్థను రాయడం మొదలుపెట్టాడు. ఒకనాడు మోడెమ్‌కు పంపవలసిన ఆదేశాలను పొరపాటున హార్డ్ డిస్కుకు పంపి, అంతవరకూ తాను వాడుతున్న మినిక్స్ వ్యవస్థను పాడుచేసుకున్నాడు. మళ్ళీ దానిని ఎక్కించుకోకుండా, తాను రాస్తున్న లైనక్స్‌నే వాడుకోదగినట్లు చేసుకుందామని నిశ్చయించుకున్నాడు. నేడు ప్రపంచంలోని సర్వర్లలో చాలా భాగం ఆ లైనక్స్ మీదనే నడుస్తున్నాయి.

మనమూ లైనక్స్‌తోనే మొదలుపెడదాం. అందులో డెబియన్ అనే రకం ఉచితంగా దొరుకుతుంది. 1 జీబీ మెమరీ, 20 జీబీ డిస్కు ఉన్న 64 బిట్ల కంప్యూటర్ అభ్యాసానికి సరిపోతుంది. మానిటర్ పాతదైనా ఫరవాలేదు, మొదటి రోజు తరువాత దానితో పెద్దగా పని ఉండదు.

ముందు పెట్టె మూత తీసి దుమ్ము దులపండి. ప్లగ్గు పీకిన తరువాతే మూత తీయాలి. లోపల పవర్ సప్లై అనే ఇనుప డబ్బా ఉంటుంది, దానిని మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు పీకినా అందులోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపేది అదే. పాత కంప్యూటర్లలో ఇది చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు కంప్యూటర్ ఏ పదేళ్ళ వెనకటి తేదీనో చూపిస్తుంది. ఇంటర్నెట్‌నుంచి తెచ్చుకునే జాబితాలమీద ఇవాళ్టి తేదీ ఉంటుంది గనుక, ఇవి ఇంకా చెల్లుబాటులోకి రాలేదని కంప్యూటర్ వాటిని తిరస్కరించవచ్చు. కారణం తెలియక తలపట్టుకునే ముందు ఆ బిళ్ళ మార్చి చూడండి.

డెబియన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానినుంచి కంప్యూటర్‌ను మొదలుపెడితే అదే ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ పోతుంది. డిస్కులో ఉన్నదంతా తుడిచివేయనా అని అడిగినప్పుడు ఒక్క నిమిషం ఆగి, పెద్దవాళ్ళను అడిగి ఒప్పుకోండి. ఏమేమి కావాలని అడిగినప్పుడు డెస్క్‌టాప్ వద్దనండి. వెబ్ సర్వర్, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ అనే రెండింటికీ టిక్కు పెట్టండి. పని పూర్తయ్యాక బొమ్మలేవీ లేని నల్లటి తెర వస్తుంది. అది చూసి నిరుత్సాహపడవద్దు, సర్వర్లు సాధారణంగా అట్లాగే ఉంటాయి.

ఇంట్లోని వై-ఫై రౌటర్ మీ సర్వర్‌కు 192.168.1.50 వంటి చిరునామా ఇస్తుంది. 192.168తో మొదలయ్యే చిరునామాలు ఇంటి లోపలి వాడకానికి కేటాయించినవి. ఊరూరా రామాలయం వీధి ఉన్నట్లు, ఇవే అంకెలు మీ పక్కింట్లోనూ ఉండవచ్చు. ఎవరి ఊళ్ళో వారికే ఆ వీధి తెలుస్తుంది కాబట్టి చిక్కు రాదు.

ఒక చిరునామాలోనే అనేక పనులు జరుగుతాయి. పెద్ద కాలువకు తూములున్నట్లు సర్వర్‌కు అంకెలు వేసిన పోర్టులుంటాయి. వెబ్ పేజీ అడిగేవారు 80వ పోర్టుకు వస్తారు. దూరంనుంచి సర్వర్‌ను నడిపేవారు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా 22వ పోర్టుకు వస్తారు. అవసరం లేని తూము తెరిచి ఉంచడం ఎంత ప్రమాదమో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. మీ అభ్యాసం ఇంటి లోపలే సాగాలి. బయటివారు లోపలికి వచ్చేటట్లు రౌటర్ అమరికలు మార్చకండి.

ఇప్పుడు ఫోనులో బ్రౌజర్ తెరిచి ఆ చిరునామా కొట్టండి. సర్వర్ పంపిన మొదటి పేజీ కనబడుతుంది. దాని స్థానంలో మీ ఊరి గురించి నాలుగు మాటలు రాసి పెట్టండి.

సర్వర్‌లో ప్రతి ఫైలుకూ మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి అంకె యజమానిది, రెండవది అతని బృందానిది, మూడవది మిగిలిన అందరిదీ. చదవడానికి 4, మార్చడానికి 2, నడపడానికి 1. వీటిని కూడితే వచ్చేదే ఆ అంకె. 1, 2, 3 అని పెట్టుకోకుండా 4, 2, 1 ఎందుకు పెట్టారు? 1, 2, 3 అయితే, 3 అన్నప్పుడు అది ఒకే హక్కా, లేక 1, 2 కలిసిన రెండు హక్కులా అన్నది తేలదు. 1, 2, 4 కిలోల తూకపు రాళ్ళు ఒక్కొక్కటే ఉంటే 7 కిలోల దాకా ఏ బరువునైనా ఒకే ఒక్క విధంగా తూచగలం. 6 అంటే 4, 2 తప్ప మరో దారి లేదు. లెక్కల తరగతిలో చదివే ద్విసంఖ్యామానం ఇదే.

మీరు రాసిన పేజీకి 600 అనే సంఖ్య ఇచ్చి చూడండి. ఫోనులో పేజీ బదులు 403 అని వస్తుంది, అనగా ప్రవేశం లేదని. పేజీ యజమాని మీరు. దానిని చదివి ఫోనుకు పంపవలసిన వెబ్ సర్వర్ ప్రోగ్రాము మరో పేరుతో నడుస్తుంది కాబట్టి దానికి మిగిలింది సున్న. 644 చేయండి, పేజీ తిరిగి వస్తుంది.

ఇంటి లోపలి సర్వర్ విలువ నాకు 2022లో తెలిసివచ్చింది. మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక మన జిల్లాలో చాలా రోజులు మొబైల్ ఇంటర్నెట్ ఆపివేశారు. వేసవి సెలవులు. ఫోనులో ఏదీ తెరుచుకోవడం లేదని విసుగెత్తిన మా వీధి పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. మా వై-ఫైకి కలిపి సర్వర్ చిరునామా కొట్టమన్నాను. నేను ఎక్కించి ఉంచిన పాఠాలు టక్కున తెరుచుకున్నాయి. “ఇంటర్నెట్ లేదు కదా మాస్టారూ, ఎలా వచ్చిందండీ?” అని ఒక పిల్ల అడిగింది. ఫోనునుంచి రౌటర్‌కు, రౌటర్‌నుంచి సర్వర్‌కు ఉన్న దారి మా ఇంట్లోనే ఉంది, దానికి బయటి తీగతో పనిలేదు. ఆ వారంలో ఆ నలుగురూ నేర్చుకున్నంత నా తరగతిలో ఎప్పుడూ నేర్చుకోలేదేమో!

చివరి పాఠం అసలైనది. మీ పేజీలున్న ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి పక్కన పెట్టండి. తరువాత సర్వర్‌లోని ఆ ఫోల్డరును కావాలనే తుడిచివేయండి. గడియారం చూసుకొని, నకలునుంచి తిరిగి నిలబెట్టండి. మొదటిసారి మా పిల్లలకు గంటకు పైగా పట్టింది. నకలులో ఒక ఫైలు లేనే లేదు! తీసిన నకలును తిరిగి పెట్టి చూడనిదే అది పనికొస్తుందో లేదో తెలియదు. రెండవసారి పదిహేను నిమిషాలు చాలింది.

మీకొక ప్రశ్న. ఒక ఫైలుకు 750 అనే సంఖ్య ఉంది. యజమాని బృందంలోని వ్యక్తి దానిని చదవగలడా? మార్చగలడా? కాగితంమీద జవాబు రాసి, ఆపైన సర్వర్‌మీద సరిచూసుకోండి.