జొన్న నాములో దాగిన విషం

వానలు మొహం చాటేసిన ఏడు అనంతపురం మెట్టపొలాల్లో జొన్న మోకాలెత్తు ఎదగకుండానే గిడసబారిపోతుంది. మేతకు మొహంవాచిన పశువులు ఆ పచ్చదనం కనిపిస్తే ఆగవు. అలా మేసిన ఆవు కాసేపటికే రొప్పుతూ, తూలుతూ కూలబడిపోవచ్చు. "నాము తిన్నది" అంటారు రైతులు. బెట్టకు వచ్చిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకలు - ఇవే నాము.

ఇక్కడొక వింత ఉంది. నాము తిన్న పశువు నెత్తురు ఎర్రగా మెరుస్తుంటుంది. అంటే అందులో ఆక్సిజన్ నిండుగా ఉంది. అయినా ఊపిరాడనట్టే ప్రాణం పోతుంది. ఎందుకు?

విషం ఎలా పుడుతుంది?

లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. దీన్ని 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. మొక్కలో ధురిన్ ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైమ్ మరొకచోట ఉంటాయి. ఆకును నమలగానే రెండూ కలిసి, హైడ్రోసయనిక్ ఆమ్లం వెలువడుతుంది. పురుగుల నుంచి మొక్క తనను కాపాడుకునే ఉపాయం ఇది. అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. అక్కడ ఏటా సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ కాస్త వానా తప్పితే మొక్క ఎదుగుదల ఆగి, ధురిన్ పేరుకుపోతుంది.

కణంలో ఏం జరుగుతుంది?

కణానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం మైటోకాండ్రియాలో తయారవుతుంది. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు వరుసగా చేతులు మారి, చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. ఈ ప్రయాణం సాగితేనే ఏ.టి.పి. తయారవుతుంది. ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఈ వరుసలో చివరిది సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. సయనైడ్ అందులోని ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. బావి దగ్గర వరుసగా నిలబడి కడవలు అందించేవారిలో చివరి మనిషి చేతులు కట్టేస్తే ఏమవుతుంది? వరుసంతా ఆగిపోతుంది. ఇక్కడా అంతే. ఆక్సిజన్ ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. ఏ.టి.పి. అడుగంటి, మెదడు, గుండె ముందుగా దెబ్బతింటాయి.

విషమే పనిముట్టు

ఎంజైమ్ పనిని ఆపే పదార్థాన్ని నిరోధకం అంటారు. సయనైడ్ శ్వాసక్రియను ఆపడం చూసి, దానికి ఇనుమున్న ఎంజైమ్ అవసరమని జర్మనీ శాస్త్రజ్ఞుడు వార్‌బర్గ్ గ్రహించాడు. శ్వాసక్రియా ఎంజైమ్‌పై చేసిన కృషికి ఆయనకు 1931లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆక్సిజన్ అందనప్పుడు కణాలు ఎలా చనిపోతాయో తెలుసుకోవడానికి పరిశోధకులు సయనైడ్‌ను వాడుతుంటారు. శక్తి పూర్తిగా ఉడిగిన కణం ఉబ్బి పగిలిపోతుంది. ఒక పద్ధతి ప్రకారం తనను తాను ముగించుకోవాలన్నా కణానికి కొంత ఏ.టి.పి. కావాలి!

పశువును కాపాడేదెలా?

ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలవాలి. ఆయన ఇచ్చే సోడియం నైట్రైట్ వల్ల, నెత్తురులోని కొంత ఇనుము మారి సయనైడ్‌ను తనవైపు లాగుతుంది. సోడియం థయోసల్ఫేట్ దాన్ని అంతగా హానిచేయని థయోసయనేట్‌గా మార్చడానికి తోడ్పడుతుంది. అది మూత్రంలో పోతుంది.

అంతకన్నా ముందుజాగ్రత్త మేలు. పూతకు రాని జొన్నలోకి, వాన పడ్డాక చిగిర్చిన పిలకల్లోకి పశువులను తోలకూడదు. ఆకలిమీదున్న మందను అసలే తోలకూడదు.

మరి జొన్నరొట్టె? భయం లేదు. ముదిరిన గింజలో ధురిన్ దాదాపు ఉండదు. పైరు ముదిరేకొద్దీ చొప్పలోనూ అది తగ్గుతుంది. హైడ్రోసయనిక్ ఆమ్లం సుమారు 26 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. చొప్పను బాగా ఎండబెడితే విషం చాలావరకు ఎందుకు తగ్గుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు కదూ!