వరద రాకముందే మగ్గపు ఇంట చేయవలసిన పనులు



తుపాను వచ్చుచున్నదని విన్నంతనే ఇరుగుపొరుగువారు బియ్యము, బట్టలు మూటగట్టుకొని బయలుదేరుదురు. మన ఇండ్లలో ఒక్కరు మాత్రము ఆగిపోవుదురు. గుంటమగ్గము మీద సగము నేసిన చీర ఉన్నది. ఆ పడుగు సంఘముదో, షావుకారుదో. విడిచిపోయినచో అప్పు మీద పడును. పట్టుకొని కూర్చున్నచో ప్రాణము మీదికి వచ్చును. నీరు గడప దాటిన తరువాత ఈ చిక్కు విడదు. ముందే తేల్చుకొనవలెను. అదియే ఈనాటి పాఠము.

1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును కొట్టిన పెనుతుపానులో దాదాపు పదివేలమంది చనిపోయిరి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన బరంపురమునకు దగ్గరనే, గోపాల్‌పూర్ వద్ద తీరము దాటినది. అప్పటికే దాదాపు పది లక్షలమందిని తరలించియుండుటచే ప్రాణనష్టము కొన్ని పదులతో ఆగినది. ముందే కదలిన మనుషులు బ్రతికిరి. కాని మగ్గము కదలదు. 2022 జూలైలో గోదావరి పొంగి యానాము వీధులలోనికి వచ్చినది. అట్టి వరదలో నీరు ముందు చేరునది గుంటలోనికే. చివర ఆరునదియు గుంటయే.

1. మనుషులు: ముసలివారిని, గర్భిణులను, పసిపిల్లలను ఎవరు తీసికొనిపోవలెనో పేరుపేరున నిర్ణయించుకొనుడు. చేరవలసిన బడినో, తుపాను ఆశ్రయమునో ఒకసారి నడిచి చూచి రండు. వాడుకలోనున్న మందులు, టార్చిలైటు, అటుకులు, బెల్లము, మూడు దినములకు సరిపడు త్రాగునీరు సిద్ధముగా నుండవలెను. అత్యవసర సహాయమునకు ఫోను 112.

2. కాగితములు: ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, చేనేత గుర్తింపు కార్డు, సంఘపు పాసుపుస్తకము ఒకే ప్లాస్టిక్ సంచిలో నుంచి మూతి బిగించుడు. వాని ఫోటోలు తీసి వేరే ఊరిలోనున్న బంధువుకు పంపియుంచుడు.

3. సరుకు: అరగంటయే వ్యవధి ఉన్నచో ఏది ముందు? తేలికగానుండి విలువైనది ముందు. పట్టు, జరీ, తరువాత రంగు నూలు చిలపలు, తరువాత జాకార్డు అట్టలు, నాడెలు. అన్నియు ప్లాస్టిక్‌లో చుట్టి అటక మీదికి చేర్చవలెను.

మగ్గము మీది పడుగును కోయుటకు మనకు చేయి రాదు. అయినను నేసినంత వరకు గుడ్డను కోసి తీయవచ్చును. మిగిలిన పడుగులో పోగుల మధ్యనున్న పుల్లలు జారకుండ గట్టిగా కట్టి, అచ్చును విడదీయక దానితోనే చుట్టి పైకెత్తవచ్చును. అచ్చు విడిపోనిచో పోగులు మరల ఎక్కించు శ్రమ తప్పును. మరల బిగించుటకు కొంత పని దినము పోవును. బురదలో కుళ్లిన పడుగైతే ఎన్ని దినములకును తిరిగిరాదు. పడుగు ముగియవచ్చినప్పుడు ఈ పని ఒకసారి చేసి చూచిన, ఆపదలో చేయి తడబడదు.

ఒక హద్దు మాత్రము పెట్టుకొనుడు. నీరు వీధి మెట్టు తాకినదా, సరుకు పని అక్కడికి ఆపి అందరును బయలుదేరవలెను. పోవుటకు ముందు కరెంటు మెయిన్ స్విచ్చి తీయుడు. అది తీయక నీరున్న గుంటలో కాలు పెట్టరాదు.

4. లెక్క: నూలు తెచ్చిన తేదీ, తూకము, నేసిన కొలత ఎప్పటికప్పుడు పాసుపుస్తకములో వ్రాయించుకొనుడు. వరదలో పోయిన నూలు ఎవరి నష్టమో సంఘముతో గాని, షావుకారుతో గాని ఎండకాలముననే మాటలాడి, కాగితము మీద పెట్టించుకొనుడు. 2022–26 కాలపు విపత్తు సహాయ నిధి నిబంధనలలో ఒక్కొక్క చేనేత పనివానికి పాడైన పనిముట్లకు 5,000 రూపాయలు, పోయిన ముడిసరుకు లేక తయారు సరుకునకు 5,000 రూపాయలు చూపబడినవి. దానికి అధికారి ధ్రువీకరణ కావలెను. కావున ఫోటోలు తీసి, అధికారి చూచు వరకు పాడైన సరుకును పారవేయకుడు.

మిగిలిన నూలును బురద ఎండకముందే మంచినీట జాడించి, రంగులు ఒకదానికొకటి అంటకుండ విడివిడిగా నీడలో ఆరవేయుడు.

షోలాపురము, భివండి వంటి చోట్ల మరమగ్గముల షెడ్లలో భయము నిప్పుది. నూలు దూది ప్రతిదినము ఊడ్చివేయవలెను. తలుపుల వద్ద మూటలు పేర్చరాదు. పనివారు లోపల నిదురించునప్పుడు బయట తాళము వేయుట ఎన్నటికిని కూడదు.

పాఠము చదివినవారు ఈ రాత్రి భోజనముల వేళ ఇంటిల్లిపాది మూడు ప్రశ్నలు వేసికొనుడు. అవ్వను ఎవరు తీసికొనిపోవుదురు? పడుగును ఎవరు చుట్టుదురు? ఆపుమని చెప్పు మాట ఎవరిది? మూడింటికిని జవాబు దొరికినచో సగము సన్నాహము అయినట్లే. మగ్గమును మరల నిలుపుకొనవచ్చును. నేయు చేతులు మిగిలియుండవలెను.